హెల్లెబోర్ విత్తనాలు మొలకెత్తడం లేదు: చల్లని చోటికి మార్చాలా, మొదటి నుంచి మొదలుపెట్టాలా?

నీడలో పెరిగే బహువార్షిక మొక్క హెల్లెబోర్‌ను ఇంట్లోనే విత్తనం నుంచి పెంచాలని ప్రయత్నిస్తున్నాను. 20 వారాలు గడిచినా ఒక్క మొలకా రాలేదు. ఎండిన విత్తనాలు 40 తీసుకొని, ఒక రోజు గోరువెచ్చని నీటిలో నానబెట్టి, తడిపి పిండిన, తేమను పట్టి ఉంచే ఖనిజ రేణువులైన వర్మిక్యులైట్‌లో కలిపి, జిప్ సంచిలో మొదట 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర 8 వారాలు, తరువాత ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర మరో 8 వారాలు ఉంచాను. రాలే సమయానికి ఈ విత్తనంలోని పిండం పూర్తిగా ఎదగదు కనుక ముందు వెచ్చదనం, ఆపై చలి అవసరమని తెలిసే ఈ వరుస పాటించాను. ఆ తరువాత కోకోపీట్ (కొబ్బరి పొట్టు), పెర్లైట్ అనే తేలికైన ఖనిజ గుళికలు కలిపిన ట్రేలో అర సెంటీమీటరు లోతున నాటి, 22 డిగ్రీలుండే గదిలో ఎల్‌ఈడీ దీపం కింద పెట్టి 4 వారాలైంది. తేమ ఏనాడూ ఆరలేదు, బూజూ కనిపించలేదు.

నిన్న మూడు విత్తనాలు కోసి చూస్తే లోపల తెల్లగా, గట్టిగానే ఉన్నాయి. అందుకే పారవేయడానికి మనసొప్పడం లేదు. చలి నుంచి ఒక్కసారిగా వెచ్చని గదిలోకి తేవడమే పొరపాటని నా అనుమానం.

ఇదే స్థితిని దాటినవారు దయచేసి చెప్పగలరా: ఈ ట్రేను 10 డిగ్రీలుండే చోటికి మార్చి వేచి చూడాలా, లేక వెచ్చదనంతో మొదలుపెట్టి మొత్తం వరుసను మళ్లీ నడపాలా?