గప్పీ పిల్లల్ని తల్లి నుంచి వేరు చేయాలా, ట్యాంకులోనే వదిలేయాలా?

కొత్తతొట్టి:
అందరికీ నమస్తే. మొన్న రాత్రి మా గప్పీ చేప మొదటిసారి పిల్లల్ని పెట్టింది. నేను చూస్తూ ఉండగానే ఒక పిల్ల ముడుచుకున్న చిన్న ఉండలా బయటికి వచ్చి, కొంచెం కిందికి జారి, ఒక్కసారిగా విచ్చుకుని రాళ్ల సందులోకి దూరిపోయింది. రెండోది విచ్చుకునేలోపే తల్లి వెనక్కి తిరిగి మింగేసింది. చెయ్యి వణికింది. వల వేసి 17 పిల్లల్ని పట్టి ఒక ప్లాస్టిక్ డబ్బాలో ఉంచాను. మాది 60 లీటర్ల ట్యాంకు, రెండు మగవి, నాలుగు ఆడవి. ఇప్పుడు వీటిని విడిగా పెంచాలా, మళ్లీ ట్యాంకులో వదలాలా? తెలిసినవాళ్లు ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతున్నారు.

పచ్చతోక:
విడిగానే పెంచాలి, ఇందులో రెండో మాట లేదు. కానీ ఆ డబ్బాలో మాత్రం ఉంచకండి. అంత తక్కువ నీళ్లు తొందరగా చల్లబడతాయి, మిగిలిపోయిన మేతతో రెండు రోజుల్లో పాడవుతాయి. ట్యాంకు లోపలే తగిలించే వల డబ్బా దొరుకుతుంది, అందులో వేయండి. అదే నీళ్లు, అదే వేడి, తల్లి నోటికి మాత్రం అందవు. రోజుకి మూడు నాలుగు సార్లు కొద్దికొద్దిగా మేత వేయాలి. ఫ్లేక్స్ (రేకుల మేత) అయితే వేళ్ల మధ్య పొడిపొడిగా నలపండి. వీలైతే ఆర్టీమియా (ఉప్పునీళ్లలో బతికే రొయ్యల్లాంటి చిన్న జీవులు) గుడ్లు పొదిగించండి: ఉప్పునీళ్లు, గాలి గొట్టం, 26 నుంచి 28 డిగ్రీల వేడి ఉంటే ఒకటి, ఒకటిన్నర రోజులో పిల్లలు బయటికి వస్తాయి. అవి తిన్న అరగంటకి గప్పీ పిల్లల పొట్టలు నారింజ రంగుకి తిరుగుతాయి. ఆ పొట్టలు చూస్తే తిన్నాయో లేదో ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

బుడగలు:
ఇంత హడావిడి ఎందుకండీ, ఉడికించిన గుడ్డు పచ్చసొన కొంచెం వేస్తే సరిపోతుంది. మావన్నీ దాంతోనే పెరిగాయి.

నాచుమొక్క:
కొత్తతొట్టి గారూ, ట్యాంకులోనే వదిలేయండి. జావా మాస్ అనే నాచు ఒక పెద్ద ముద్ద, పైన తేలే మొక్కలు దట్టంగా ఉంటే చాలు. పిల్లలు పుట్టగానే పైకో నాచులోకో వెళ్లి దాక్కుంటాయి. నాచుకి పట్టిన కంటికి కనిపించని జీవాల్ని రోజంతా ఏరుకుని తింటాయి, మనం నాలుగు సార్లు వేసే మేత దానికి సాటి రాదు. వేలాడే ఫిల్టర్ ఉంటే నీళ్లు పీల్చే గొట్టానికి స్పాంజి తొడగండి, లేకపోతే తల్లి కంటే ముందు ఫిల్టరే మింగుతుంది.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. తల్లిని బ్రీడింగ్ బాక్స్‌లో (పిల్లల్ని పెట్టేదాకా విడిగా ఉంచే చిన్న డబ్బాలో) వేయకండి. అందరూ చెప్పారని నేను ఒకదాన్ని ఆరు రోజుల ముందే వేశాను. గాజుపలకల ఆ చిన్న గదిలో అది ఒకే మూలకి ముక్కు ఆనించి పైకీ కిందికీ తిరుగుతూనే ఉంది. మేత ముట్టలేదు. పిల్లల్ని పెట్టిన మర్నాడే చచ్చిపోయింది.

పచ్చతోక:
తల్లిని బాక్స్‌లో వేయమని నేనెక్కడ అన్నాను? పిల్లల్ని వేయమన్నాను. చదవకుండా జవాబు రాయడం న్యాయం కాదండీ. అయినా ఆరు రోజుల ముందు ఎవరు వేస్తారు? పొట్ట కింద చదరంగా కనిపించి, అది మూలకి చేరి మేత మానేస్తే అప్పుడు వేయాలి, పిల్లలు రాగానే తీసేయాలి. పన్నెండేళ్లుగా ఇలాగే చేస్తున్నాను, ఒక్క తల్లి పోలేదు.

నాచు సంగతి కూడా వినండి. మొదట్లో నేనూ మొక్కల్ని నమ్మి వదిలేశాను. రాత్రి టార్చి వేసి లెక్కపెడితే ముప్ఫై ఉన్నాయి. పొద్దున్నకి నాలుగు.

నాచుమొక్క:
పొద్దున్నే మీకు నాలుగు కనిపించాయి, అంతే. మిగతావి దాక్కుని ఉండవచ్చు. ఎంత నాచు ఉంది అందులో?

పచ్చతోక:
సరిపడా ఉంది.

నాచుమొక్క:
సరిపడా అంటే? పిడికెడా, ట్యాంకులో మూడో వంతా?

తెల్లరాయి:
బుడగలు గారూ, పచ్చసొన సలహా ప్రమాదం. పిల్లలు దాన్ని తినవని కాదు, తినగా మిగిలింది నీళ్లలో పాలలా కలిసిపోయి గంటల్లో కుళ్లుతుంది. చిన్న పాత్రలో చేపలకి విషమైన అమ్మోనియా పెరగడానికి అంతకంటే ఏం కావాలి? మా తమ్ముడు వేసిన మర్నాడు ఒక్క పిల్ల మిగల్లేదు.

బుడగలు:
ఎక్కువ వేసి ఉంటాడండీ. సూదిమొన మీద నిలిచేంత వేయాలి.

పచ్చతోక:
అసలు విషయం పక్కకి పోతోంది. కళ్ల ముందు పిల్లల్ని తింటుంటే "నాచు పెట్టాను, ఇక వాటి అదృష్టం" అని కూర్చోవడం పెంపకం అవుతుందా? సోమరితనానికి ప్రకృతి అని పేరు పెట్టకండి.

నాచుమొక్క:
సోమరితనమా? సరే, అడుగుతున్నాను, చెప్పండి. ఒక ఆడ గప్పీ మూడు నాలుగు వారాలకోసారి పిల్లల్ని పెడుతుంది. ఒక్కసారి మగదానితో కలిస్తే ఆ వీర్యాన్ని దాచుకుని, తర్వాత మగది లేకపోయినా నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. ఈయన ట్యాంకులో నాలుగు ఆడవి ఉన్నాయి. ఒక్కొక్కటి ఇరవై చొప్పున పెట్టినా నెలకి ఎనభై. మూడు నెలలు తిరిగేసరికి మొదటి విడత కూతుళ్లకీ కడుపు వస్తుంది. అన్నిటినీ బతికిస్తే 60 లీటర్లలో ఎక్కడ పెడతారు? పన్నెండేళ్లుగా బతికించినవి ఎక్కడున్నాయి?

పచ్చతోక:
అడిగినవాళ్లకి ఇచ్చాను. బాగా చూసుకునేవాళ్లకే.

నాచుమొక్క:
వాళ్లు ఎవరికి ఇచ్చారు? ఎక్కువయ్యాయని ఎంతమంది తీసుకెళ్లి చెరువులో వదిలారు? గప్పీ దక్షిణ అమెరికా ఉత్తర ప్రాంతపు చేప. దోమల కోసమనీ, ఎక్కువయ్యాయనీ వదిలిన ఎన్నో దేశాల్లో అక్కడి చిన్న చేపలకి ముప్పుగా మారింది. నేను ఊరికే అనడం లేదు. మూడు విడతల పిల్లల్ని నేనూ పూర్తిగా కాపాడాను. ఆరు చేపల కోసం పెట్టిన ఫిల్టర్ మీద వందకి పైగా బతుకుతున్నాయి. ఒక వారం నీళ్లు మార్చడం కుదరలేదు. పెద్దవి, చిన్నవి అన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుచుకుని నిలబడ్డాయి. మూడు రోజులు వరసగా చచ్చినవాటిని తీస్తూనే ఉన్నాను. తల్లి తింటే పోయేది ఒక్క క్షణంలో పోతుంది. నా చేతుల్లో పోయినవి అలా పోలేదు.

నిర్వాహకుడు:
ఇద్దరూ వ్యక్తిగత మాటలు తగ్గించండి. ప్రశ్న అడిగినవారి 17 పిల్లలు ఇంకా డబ్బాలోనే ఉన్నాయి.

పచ్చతోక:
నాచుమొక్క గారూ, సోమరితనం అన్న మాట తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

నా సంగతీ చెబుతాను. నా దగ్గర వెన్ను వంకరగా పుట్టిన ఆడపిల్ల ఒకటి ఉంది. సరిగా ఈదలేదు, అడుగున తోక కొట్టుకుంటూ గెంతినట్టు వెళుతుంది. ట్యాంకులో వదిలి ఉంటే మొదటి గంట కూడా బతికేది కాదు. దానికి ఇప్పుడు ఏడాదిన్నర. మగవాటికి దూరంగా విడిగా ఉంచాను. ఏది బతకాలో తల్లి ఆకలికి వదిలేయడం నా వల్ల కాదు. పిల్లలు వద్దనుకుంటే మొదట్లోనే మగవాటిని మాత్రమే పెంచండి. పుట్టించి, తర్వాత తినిపించడం నాకు ఒప్పుదల కాదు.

నాచుమొక్క:
ఆ మొదటి మాట దగ్గర మీతో ఏకీభవిస్తాను. మగవాటిని మాత్రమే పెంచమని ఈ చర్చ మొదట్లోనే చెప్పాల్సింది, ఇద్దరం చెప్పలేదు. కానీ రెండోది ఒప్పుకోను. వెన్ను వంకర ఒకే రక్తంలో మళ్లీ మళ్లీ కలవడం వల్ల రావచ్చు, చేపల క్షయ లాంటి జబ్బు వల్లా రావచ్చు. జబ్బు వల్లే అయితే దాన్ని మిగతావాటితో ఉంచడం మిగతావాటికి అన్యాయం. మీరు విడిగా ఉంచారు, మంచిది. అందరూ ఉంచరు.

తెల్లరాయి:
కొత్తతొట్టి గారూ, మీరేం చేశారు?

కొత్తతొట్టి:
వల డబ్బా తెచ్చి ట్యాంకులోనే తగిలించాను, అందులో కొంచెం జావా మాస్ కూడా వేశాను. 17లో 15 ఉన్నాయి. మూడు వారాలు దాటాక రోజూ చూసి, పొట్ట కింది రెక్క పుల్లలా సన్నబడుతున్న మగవాటిని వేరు చేస్తాను. పెద్ద ఆడవాటిని ఇప్పుడే విడదీసినా, దాచుకున్నదానితో ఇంకా పెడతాయని మీ మాటల్లోనే తెలిసింది. ఇంకో ఆడదానికి తోక దగ్గరి నల్లమచ్చ బాగా ముదిరింది, పొట్ట కూడా చదరంగా ఉంది. ఈసారి వల పట్టుకుని నిలబడాలా, నాచు వేసి లైటు ఆపేయాలా అన్నది మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

పచ్చతోక:
వల పట్టుకోండి.

నాచుమొక్క:
లైటు ఆపేయండి.