దీర్ఘకాల మానసిక రోగులకు జిల్లాకో శాశ్వత వసతి గృహం కావాలా?

సాగర్ కాలువ: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. మా అన్నకు స్కిజోఫ్రీనియా, ఇరవై రెండేళ్లుగా మందుల మీదే ఉన్నాడు. పొద్దున బర్రెలను తోలుకుపోతాడు, మాపటికి వస్తాడు. నెలకో రెండు నెలలకో మందులు మానేస్తే మాత్రం ఇల్లు ఇల్లు కాదు. నాన్న పోయాడు, అమ్మకు 74. ఎర్రగడ్డలో చేర్చుకుంటారు, తగ్గాక పంపేస్తారు. అది ఆసుపత్రి కాబట్టి అంతే. అమ్మ తర్వాత అన్న ఎక్కడుండాలి? ప్రభుత్వం జిల్లాకొకటి, జీవితాంతం ఉండే హోమ్ కట్టాలంటాను.

పాలమూరు బిడ్డ: వద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగుల హోమ్‌లో గొలుసులతో కట్టేసిన 28 మంది మంటల్లో కాలిపోయారు. అలాంటి చోట మనుషులను వదిలేది సొంతవాళ్లే. అందుకే 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 19లో స్పష్టంగా రాశారు: కుటుంబం లేదనో, ఇంట్లో రానివ్వట్లేదనో ఎవరినీ అలాంటి సంస్థల్లో ఉంచకూడదు.

సాగర్ కాలువ: అదే సెక్షన్ కింది దాకా చదవండి. హాఫ్‌వే హోమ్‌లు (ఆసుపత్రి నుంచి వచ్చాక ఉండే ఇళ్లు), గ్రూప్ హోమ్‌లు (కొద్దిమంది కలిసి ఉండే ఇళ్లు) ప్రభుత్వమే పెట్టాలని, లేదా వాటికి సాయం చేయాలని ఉంది. నేనడిగేది అదే.

పాలమూరు బిడ్డ: హాఫ్‌వే అంటే సగం దారి. మీరు రాసింది 'శాశ్వత' అని. ఆసుపత్రిలో ఇష్టం లేకుండా ఉంచాలన్నా 30 రోజులు దాటితే మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డు అనుమతి కావాలి. ఆ తర్వాత 90, 120, 180 రోజులకు మళ్లీ మళ్లీ చూడాలి. జీవితాంతం అన్న మాట చట్టంలో ఎక్కడుందో చూపించండి.

సాగర్ కాలువ: మాట పట్టుకుని వేలాడకండి. జబ్బు జీవితాంతం ఉంటే ఇల్లు సగం దాకా ఉంటే ఎట్లా?

గట్టు భక్తుడు: చెర్వుగట్టు గుడికి తీసుకెళ్లి అమావాస్య నిద్ర చేయించండి. మా మేనత్తకు తగ్గింది.

నకిరేకల్ టీచర్: గట్టుకు వెళ్లండి, కానీ మందులు ఆపకండి. టెన్షన్‌గా ఉంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

దేవరకొండ కోడలు: ఇద్దరూ సెక్షన్లు చెప్తున్నారు. మా మరిదికి పద్నాలుగేళ్లుగా నేనే మందులిస్తున్నా. మింగాడో, నాలుక కింద పెట్టుకున్నాడో నోరు తెరిపించి చూస్తా. రక్తపరీక్షకు హైదరాబాద్ బస్సులో తీసుకెళ్లేది నేనే. సదరం (వైకల్య) సర్టిఫికెట్ మీద నెలకు 4,016 రూపాయల పింఛన్ వస్తుంది, ఛార్జీలకు, మందులకు పోతుంది. రాత్రి లేచి బయటికి పోతాడని పద్నాలుగేళ్లుగా గడప దగ్గరే పడుకుంటున్నా. నా చెల్లి పెళ్లికి ఒక్క పూట వెళ్లొచ్చా. "ఇంట్లోనే మంచిది" అనేవాళ్ల ఇళ్లల్లో అన్నం పెట్టేదెవరో చెప్పండి. పాలమూరు తమ్ముడూ, మీ ఇంట్లో ఎవరు చూస్తున్నారు?

పాలమూరు బిడ్డ: నా ఇంటి సంగతి మీకెందుకు?

సాగర్ కాలువ: చూసేవాళ్లు లేరన్నమాట. అందుకే ఇంత తేలిగ్గా చెప్తున్నారు.

పాలమూరు బిడ్డ: తేలిగ్గానా? సరే, వినండి. మా అమ్మకు ఇదే జబ్బు. మందులేసుకుంటే కూలికి కూడా పోయేది. నాన్న పుణెకు వలసపోయి తిరిగి రాలేదు. నాకు పదకొండేళ్లప్పుడు మామలు అమ్మను ఒక ప్రైవేటు హోమ్‌లో వేశారు. చూడ్డానికి పోతే గుండు చేసి ఉంది. "ఇంటికి ఎప్పుడు తోలుకపోతవ్ బిడ్డా" అని ఒక్కటే అడిగింది. నాలుగేళ్లకు అక్కడే పోయింది. ఆమె వాటా రెండెకరాలు అప్పటికే మామల పేరు మీదికి మారింది. జబ్బు ముదిరి కాదు, భూమి కోసం పంపారు. ఇప్పుడు నేనడుగుతా, మీ అన్న వాటా ఎవరి పేరు మీద ఉంది?

సాగర్ కాలువ: నన్ను దొంగను చేస్తున్నారా?

పాలమూరు బిడ్డ: అడిగాను, అంతే.

సాగర్ కాలువ: నా పేరు మీదే ఉంది. ఎకరం ముప్పై గుంటలు. అమ్మే చేయించింది, అన్న సంతకం పెట్టాడు. పంట డబ్బులో వాడి మందులకు నేనెప్పుడూ లోటు చేయలేదు.

దేవరకొండ కోడలు: అన్నా, హోమ్ సంగతి మీ అన్నను అడిగారా?

సాగర్ కాలువ: లేదు.

(మరుసటి రోజు)

సాగర్ కాలువ: రాత్రి అడిగాను. "అక్కడ బర్రెలుంటాయా" అన్నాడు. ఇంకేమీ అనలేదు.

పాలమూరు బిడ్డ: జిల్లా కేంద్రంలో రెండు వందల మందిని పెట్టే బిల్డింగ్‌కు నేను ఒప్పుకోను. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో నలుగురైదుగురు ఉండే ఇల్లు, బయటికి పోయి రానిచ్చేది, వాటా భూమి వాళ్ల పేరు మీదే ఉండేది అయితే కాదనను. నిన్న కోపంలో అన్నది మనసులో పెట్టుకోకండి.

దేవరకొండ కోడలు: ఆ ఇంట్లో రాత్రిపూట ఉండే మనిషికి జీతం ఎవరిస్తారో కూడా రాయండి. అది రాయకపోతే ఆ మనిషి మళ్లీ ఏదో ఇంటి కోడలే అవుతుంది.