రెండేళ్ళ పాపకి ఇంట్లో పాత సామాన్లతో బొమ్మలు చేద్దామనుకుంటున్నా, ఏవి ఇవ్వొచ్చు ఏవి వద్దు?

మధురవాడ అమ్మ:

హాయ్ అండి అందరికీ. మాది మధురవాడ, కొమ్మాది వైపు అపార్ట్‌మెంట్. పాపకి రెండేళ్ళు నిండాయి, మా ఆడపడుచు కొడుక్కి ఐదేళ్ళు, వాడు స్కూల్ నుంచి వచ్చాక వాళ్ళమ్మ ఆఫీస్ నుంచి వచ్చేదాకా మా దగ్గరే ఉంటాడు. ఇంట్లో బొమ్మలకి లోటు లేదు, పుట్టినరోజుకి వచ్చినవే ఒక బుట్టెడు ఉన్నాయి, అన్నీ బ్యాటరీవి, బటన్ నొక్కితే పాట వస్తుంది లైట్ వెలుగుతుంది అంతే, పాప కాసేపు చూసి పక్కన పడేస్తుంది. అదే వంటింట్లోకి వచ్చిందంటే స్టీలు గిన్నెలు, డబ్బా మూతలు, అట్లకాడ పట్టుకుని గంటసేపు తల ఎత్తదు. అందుకే ఇక కొనడం మానేసి ఇంట్లో ఉన్నవాటితోనే ఏవైనా చేసి పెడదామని ఉంది. ఆన్‌లైన్ ఆర్డర్ల అట్టపెట్టెలు కుప్పలు ఉన్నాయి, కొబ్బరి చిప్పలు, ప్లాస్టిక్ బాటిళ్ళు, మా అత్తగారి పాత నేత చీరలు కూడా.

వీడియోలు చూస్తే బాటిల్ మూతలతో కార్లు, పూసల గిలకలు, కదిలే కళ్ళు అంటించిన బొమ్మలు అన్నీ ముద్దొస్తున్నాయి గానీ పాప ఇంకా ప్రతీదీ నోట్లో పెట్టుకుంటుంది, అదే నా భయం. ఇంకోటి, ఇక్కడి సముద్రం గాలికి అట్టతో ఏం చేసినా వానాకాలం వచ్చేసరికి మెత్తబడి బూజు వాసన వస్తుంది, దానికేమైనా చేయొచ్చా? జిగురు విషయంలో మా అత్తగారు మైదా లై ఉడికించి అందులో కొంచెం మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదు అంటున్నారు, పూర్వం పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్ళు అలాగే వేసేవారట. పిల్లల బొమ్మలకి వేయొచ్చంటారా? రంగులు కూడా చెప్పండి. ఇద్దరూ కలిసి ఆడుకునేవి ఏమైనా ఉంటే ఇంకా మంచిది.

పెందుర్తి టీచర్:

అమ్మా ముందు మైలుతుత్తం మాట. అస్సలు వద్దు. అది కాపర్ సల్ఫేట్, పురుగుని చంపేదే పిల్లల కడుపులోకీ వెళ్తుంది. మీ అత్తగారు చెప్పింది నిజమే, బైండింగ్‌కి వాడేవారు, కానీ పుస్తకాన్ని ఎవరూ నాకరు కదా. మైదా లై కావాల్సినంతే ఉడికించుకుని ఆ రోజే వాడేయండి, మిగిలితే పారేయండి, అంతకంటే ఏమీ కలపక్కర్లేదు.

నేను చాలా ఏళ్ళు అంగన్‌వాడీలో పనిచేశాను, మూడేళ్ళ లోపు పిల్లలకి ఏ వస్తువు ఇచ్చినా మొట్టమొదట సైజు చూస్తాను. బొమ్మల టెస్టింగ్‌లో ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని అడ్డకొలత 31.7 మిల్లీమీటర్లు. బొమ్మగానీ దాని నుంచి ఊడిన ముక్కగానీ నొక్కకుండా వేస్తే పూర్తిగా ఆ గొట్టంలో దిగిపోయిందంటే మూడేళ్ళ లోపు పిల్లలకి అది పనికిరాదు. ఇంట్లో మనకి ఆ గొట్టం ఎక్కడిది, టిష్యూ రోల్ అయిపోయాక మిగిలే అట్ట గొట్టం వాడండి, అది దాదాపు 4 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్త వైపే ఉంటాం. దాంట్లోంచి పడిపోయేది ఏదైనా పాపకి వద్దు. మీరు చెప్పిన బాటిల్ మూత 3 సెంటీమీటర్లే ఉంటుంది, సుబ్బరంగా దిగిపోతుంది. చింతగింజలు, గచ్చకాయలు, గవ్వలు, షర్ట్ గుండీలు, కదిలే కళ్ళు అన్నీ అంతే.

పప్పులు పోసి బాటిల్ గిలక చేయడం అందరూ చేస్తారు, నాకు మాత్రం పాప చేతికి అది ఇవ్వడం ఇష్టం ఉండదు. మూత ఊడితే శనగలు ముక్కులోకి పోతాయి, అక్కడ తడికి ఉబ్బి ఇరుక్కుంటాయి, తీయడం డాక్టర్ పని. చప్పుడే కావాలంటే స్టీలు డబ్బాలో ఒక పెద్ద చెంచా వేసి ఇవ్వండి చాలు.

ఇంకో మాట, మీ బుట్టలో ఉన్న ఆ పాటల బొమ్మలు ఒకసారి తిప్పి చూడండి. బ్యాటరీ మూతకి స్క్రూ ఉందా లేదా? బిళ్ళ బ్యాటరీ మింగితే గొంతులో ఇరుక్కున్న చోట 2 గంటల్లోనే లోపల కాలిపోవడం మొదలవుతుంది. అది మింగిందన్న అనుమానం వచ్చినా ఎదురుచూడకుండా వెంటనే హాస్పిటల్‌కి వెళ్ళాలి. స్క్రూ లేనివి ఇంట్లోంచే తీసేయండి. పగిలిన బెలూన్ ముక్కలు కూడా అంతే ప్రమాదం, గొంతుకి అతుక్కుపోతాయి.

ఇక ఏం ఇవ్వాలో చెప్తాను, మీరే సగం చెప్పేశారు, పాపకి గిన్నెలూ మూతలూ ఎందుకు నచ్చుతున్నాయంటే వాటితో తను చేయడానికి పని ఉంది. వేయడం, తీయడం, మూయడం, ఒలకబోయడం. ఈ వయసు బొమ్మ అంటే అదే. చూడ్డానికి అందంగా ఉండక్కర్లేదు. అట్టపెట్టె పైన వెడల్పుగా ఒక చీలిక కోసి, కాఫీపొడి డబ్బాల పెద్ద మూతలు ఓ పది ఇవ్వండి, చీలికలోంచి ఒక్కోటీ వేస్తుంది, పక్కన తలుపులా కోసిన చోట నుంచి తీస్తుంది, మళ్ళీ వేస్తుంది. పాత చీర ముక్కలు ఒకదాని కొస ఒకటి ముడేయకుండా విడివిడిగా, చేతిరుమాలు సైజులో కత్తిరించి హార్లిక్స్ ప్లాస్టిక్ డబ్బాలో కుక్కి కొస కొంచెం బయటికి వదిలి పెట్టండి, లాగుతూనే ఉంటుంది. ముడులేసి పొడుగ్గా చేయొద్దు, మెడకి చుట్టుకుంటుంది. లాగే బండికైనా తాడు జానెడు మించకూడదు.

కొబ్బరి చిప్పలు చాలా మంచివి. అంచు ఉప్పుకాగితంతో బాగా రుద్దండి, బయట పీచు గీకేయండి, బాల్కనీలో టబ్బులో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి రెండు చిప్పలు ఇవ్వండి. కానీ పక్కనే కూర్చోండి, ఫోన్ వచ్చిందని కూడా లేవకండి, అంత నీళ్ళు కూడా చిన్నపిల్లలకి చాలు ప్రమాదానికి. అయిపోగానే నీళ్ళు పారబోసి టబ్బు బోర్లించేయండి.

ఉక్కునగరం:

అట్ట గురించి నేను చెప్తానండి, నా పని మెషీన్ల దగ్గర గానీ ఇంటికొస్తే ఇదే నా సరదా. మా బాబుకి స్టూల్, గ్యారేజ్, వంటిల్లు అన్నీ అట్టతోనే చేశాను.

లోపల మడతల పొర ఉండే అట్ట తీసుకోండి, ఆ మడతల గీతలు ఎటు పోతున్నాయో చూడండి. గీతల వెంబడి అయితే ఇట్టే వంగుతుంది, అడ్డంగా వంచబోతే గట్టిగా నిలబడుతుంది. అందుకని ఒక పొర గీతలు నిలువు, దాని మీద పొర గీతలు అడ్డం, మళ్ళీ నిలువు, ఇలా మూడు నాలుగు పొరలు అంటిస్తే ప్లైవుడ్ చేసేదీ ఇదే పద్ధతి, పిల్లాడు ఎక్కి నిలబడినా నలగదు. లై పల్చగా రాయాలి, దట్టంగా పూస్తే ఆ తడే లోపల ఉండిపోయి బూజు మొదలవుతుంది. అంటించాక మీద బరువు పెట్టి ఒక రాత్రి ఉంచి, మర్నాడు ఎండలో పెట్టండి.

మన విశాఖ తేమకి అసలు విలన్ అంచులు. అట్ట కోసిన చోట మడతల సందులు తెరుచుకుని ఉంటాయి, గాలిలో తడి అక్కడ నుంచే లోపలికి పోతుంది. పాత కాటన్ చీర రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు చింపి లైతో అంచులన్నీ మూసేయండి, ఆ తర్వాత మొత్తం మీద ఒక పొర గుడ్డ అంటించండి. టేపు వేస్తే కొన్నాళ్ళకి ఊడి వస్తుంది, ఆ ముక్కలు పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. అయినా ఆగస్టు సెప్టెంబర్లలో వాసన వచ్చిందనుకోండి దాన్ని బాగుచేయాలని చూడకండి, బూజు దుమ్ము పిల్లల ఊపిరికి మంచిది కాదు, తీసేసి కొత్తది చేయండి. అట్టకి డబ్బు పెట్టలేదు కదా.

రంగుల దగ్గర ఒక్క విషయం గట్టిగా చెప్తాను. ఇంట్లో గేటుకో కిటికీకో వేసి మిగిలిన పాత ఎనామిల్ డబ్బా ఉంటుంది చూడండి, అది బొమ్మలకి వాడకండి. మన దేశంలో ఇళ్ళ పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 దాటకూడదన్న రూలు 2017 నవంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అంతకు ముందు డబ్బాల్లో ఎంత ఉందో ఎవరికి తెలుసు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది, కొంచెమైనా సరే. నోట్లో పెట్టుకునే పాపకి అసలు రంగే లేకుండా ఇచ్చినా ఏమీ తక్కువ కాదు. కావాలంటే గుడ్డని పసుపు నీళ్ళలోనో బీట్‌రూట్ నీళ్ళలోనో ముంచి ఆరేసి అంటించండి, వెలిసిపోతుంది గానీ భయం లేదు. న్యూస్‌పేపర్ కూడా పై పొరగా వద్దు, ఆ సిరా మంచిది కాదనే కదా తినేవి అందులో చుట్టొద్దని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్ళు 2016లోనే చెప్పారు.

భీమిలి మామ్మ:

తల్లీ, మీరంతా అట్టలు అట్టలు అంటన్నారు, చీరలున్నాయని చెప్పింది కదా ఆ పిల్ల, గుడ్డబొమ్మ మాట ఎవరూ ఎత్తరేటి? నేత చీర ఎంత పాతదైతే అంత మెత్తన, పసిపిల్ల ఒంటికి ఏమీ చెయ్యదు. జానెడు బొమ్మకి రెండు ముక్కలు కత్తిరించి, లోపలి వైపు నుంచి దగ్గర దగ్గరగా రెండు వరసలు కుట్టీ, కొంచెం నోరు వదిలి తిరగెయ్యి. లోపల చీర పీలికలే కుక్కు, థర్మాకోల్ గుళ్ళు వద్దు, కుట్టు ఊడితే ఇల్లంతా అవే. బూరుగు దూది అయితే బొమ్మ తేలిగ్గా ఉంటాది గానీ ఉతికితే ముద్దైపోద్ది, మన పాపలు బొమ్మకి కూడా అన్నం పెడతారు కదా, ఉతకడం తప్పదు. అందుకే పీలికలు. కళ్ళకి గుండీలు పెట్టొద్దు, నల్లదారంతో కుట్టీడమే. జుట్టు కూడా పొడుగు దారాలు వేలాడకుండా తలకి అంటి కుట్టు. వారానికోసారి ఉతికి మంచి ఎండలో పడీ.

ఐదేళ్ళోడికి ఎండాకాలం వరకూ ఆగితే తాటికాయల బండి చెయ్యొచ్చు. ముంజలు తినేసిన బుర్రలు పారెయ్యకుండా ఒక్క సైజువి రెండు ఉంచు. రెండిటి మధ్యలోకీ గట్టి కర్ర ఒకటి గుచ్చితే అదే ఇరుసు. ఇంకో పొడుగు పంగల కర్ర తీసుకుని ఆ పంగ ఇరుసు మీద ఆనించి తోసుకుంటూ పోవడమే. మా ఊళ్ళో పిల్లలు ఇసకలో కూడా తోలీవారు. గుచ్చడం పెద్దోళ్ళు చెయ్యాలి, కత్తి పిల్లలకి ఇవ్వకు. బుర్ర ఎండిపోయి ముడతలు పడితే కొత్తవి మార్చీ, సీజన్‌లో బీచ్ రోడ్డు పొడుగునా ముంజలు అమ్ముతారు, అడిగితే ఖాళీ బుర్రలు ఊరికే ఇస్తారు.

కొబ్బరాకు ఎక్కడైనా దొరికితే బూర చుట్టు. ఆకు ఈనె తీసేసి, చిన్న ముక్క మధ్యకి మడిచి అది నోటి దగ్గర పెట్టి, దాని మీద మిగతా ఆకు వెడల్పవుతూ చుట్టుకుంటూ పోవాలి, చివర ఈనె పుల్ల గుచ్చితే ఊడదు. ఊదేది పెద్దాడు, పాప వింటాది. ఆ ఈనె పుల్ల మొన కంటికి తగులుతుంది, పాప చేతికి బూర ఇవ్వాలంటే పుల్ల తీసీ దారంతో కట్టి ఇవ్వు.

గాజువాక సైకిల్:

మంచి టాపిక్. ఐదేళ్ళ బాబుకి నేనొకటి చెప్తా. అరవింద్ గుప్తా గారని, ఐఐటీ కాన్పూర్‌లో ఇంజనీరింగ్ చదివి జీవితమంతా చెత్తతో సైన్స్ బొమ్మలు చేయడం నేర్పించారు, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పద్ధతిలో అగ్గిపుల్లలూ సైకిల్ వాల్వ్ ట్యూబూ చాలు. ట్యూబ్ అంటే టైర్లోది కాదు, వాల్వ్‌కి తొడిగే సన్న రబ్బరు గొట్టం, ఏ సైకిల్ షాప్‌లోనైనా దొరుకుతుంది, చిన్న ముక్కలు కోసి రెండు పుల్లలు రెండు వైపుల నుంచి దూరిస్తే కీలు తయారు. మందు తలలు మాత్రం మీరే గీకేసి ఇవ్వండి. మూడు పుల్లలతో త్రిభుజం చేయించండి, నాలుగింటితో చతురస్రం చేయించండి, రెండూ చేతిలో పెట్టి నొక్కమనండి. చతురస్రం పక్కకి ఒరిగిపోతుంది, త్రిభుజం కదలదు. తర్వాత చతురస్రానికి మూల నుంచి మూలకి ఇంకో పుల్ల పెట్టమనండి, ఆ మూలకి మాత్రం కొంచెం పొడుగు పుల్ల కావాలి. అది గట్టిపడగానే పిల్లాడి మొహం చూడాలి మీరు. హార్బర్ వైపు వెళ్ళినప్పుడు క్రేన్లు చూపించండి, వాటి నిండా త్రిభుజాలే. ఇది పాప నిద్రపోయాక ఆడించాల్సింది, ముక్కలన్నీ చిన్నవి.

ఇంకోటి, అన్నీ ఇంట్లోనే చేయాలని పట్టుబట్టకండి. కర్ర బొమ్మలు చేసే ఏటికొప్పాక మనకి దగ్గరే, ఎలమంచిలి దాటాక హైవే దిగి లోపలికి వెళ్ళాలి, వరాహ నది ఒడ్డున ఊరు. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి కర్రకి పట్టుకుంటుంది, తర్వాత మొగలాకుతో మెరుపు తెస్తారు. చెట్ల నుంచీ గింజల నుంచీ తీసిన రంగులు వాడే కళాకారులు ఉన్నారు, 2017లో జీఐ, అంటే ఆ ప్రాంతపు ప్రత్యేకత అన్న గుర్తింపు కూడా వచ్చింది. కొనేటప్పుడు సహజ రంగులేనా అని అడిగి తీసుకోండి. అక్కడ షోకేస్ కోసం చేసిన బుల్లి బుల్లి బొమ్మలు కూడా ఉంటాయి, అవి పాపకి వద్దు, టీచర్ గారు చెప్పిన గొట్టం జేబులో పెట్టుకుని వెళ్ళండి.

మధురవాడ అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. మైలుతుత్తం సంగతి అత్తగారికి చెప్పాను, వెంటనే ఒప్పుకున్నారు, గుడ్డబొమ్మ తనే కుడతానన్నారు మామ్మగారూ. బ్యాటరీ మూతలు చూస్తే రెండింటికి స్క్రూ లేదు, తీసి అటక మీద కూడా పెట్టకుండా బయటికి పంపేశాను. చీలిక పెట్టె చేసి ఇచ్చాను, పాప దాని దగ్గర్నుంచి లేవట్లేదు. ఇప్పుడు సమస్య ఏంటంటే బాబు కూడా అదే కావాలంటున్నాడు, వాడికి అది మరీ చిన్న ఆట, పాపది లాక్కుంటాడు. ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెట్టేది ఏమైనా ఉందా?

పెందుర్తి టీచర్:

వాడిని ఆడమనకండి, చేయమనండి. పాపకి రెండో పెట్టె వాడే తయారు చేయాలి. చీలిక ఎక్కడ రావాలో వాడే గీయాలి, కోయడం మీరు. ఈసారి గుండ్రం చిల్లు పెట్టమనండి, ఏ మూత పడుతుంది ఏది పట్టదు అని వాడే కొలిచి చూస్తాడు. గుడ్డ పట్టీలకి లై రాయడం ఐదేళ్ళ పిల్లలు చాలా ఇష్టంగా చేస్తారు, చేతులు పాడవుతాయని ఆపకండి. అయ్యాక పాపకి ఎలా ఆడాలో వాడే నేర్పించాలి, అప్పుడు లాక్కోడు. ఆ టిష్యూ గొట్టం కూడా వాడికే అప్పగించండి, ఇంట్లో ఏ వస్తువు పాపకి ఇవ్వొచ్చో అందులో వేసి చూసి మీకు చెప్తాడు. చివరి మాట మాత్రం మీదే, ఇంకోసారి మీరు చూశాకే పాప చేతికి ఇవ్వండి. వాడి అగ్గిపుల్లల డబ్బా ఎత్తులో పెట్టి, తీసేముందు ఒకసారి పెట్టేటప్పుడు ఒకసారి ట్యూబ్ ముక్కలు వాడితోనే లెక్కపెట్టించండి.