సమస్యాపూరణం: మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నిర్వాహకుడు:
కవిమిత్రులకు నమస్కారం. ఈసారి సమస్య తేటగీతి పాదం.

మూడు కన్నుల వేల్పును మోసె జేబు

ముక్కంటి జేబులో ఇమడడం అసంభవం. ఆ అసంభవాన్ని వెనుక మూడు కెమెరాలున్న కొత్త ఫోను మీదుగా పరిష్కరించాలి. చెప్పేవాడు ఒకప్పుడు ఆ బ్రాండు వాడి, వదిలేసి, కెమెరా కోసమే మళ్ళీ దాని దగ్గరికి వచ్చినవాడై ఉండాలి. పద్యంలో బ్రాండు పేరు అక్కర్లేదు. ఒక్క మాట ముందే చెబుతున్నాను. ‘అద్భుతం, అపూర్వం’ అని పొగిడే పూరణలు నాకు వద్దు. ఆ కెమెరా ఏం చేస్తుందో పద్యం చదివినవాడికి కనపడాలి.

కొత్తవారి కోసం: తేటగీతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్ళీ రెండు సూర్యగణాలు. యతి నాలుగో గణం మొదటి అక్షరం, అది పాదం మొదటి అక్షరానికి జత కుదరాలి. ప్రాస నియమం లేదు. పై పాదంలో ‘మూ–మో’ యతి.

పూరణ 1

విడిచి పోయిన సంస్థనే వెదకి కొంటి
నొకటి వెడలుపున్ దూరము నొకటి చూప
నడుమ నున్నట్టి దొక్కటి నాణ్యమెంచ
మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నిర్వాహకుడు:
మొదటి పూరణకు అభినందనలు. గణాలు, యతులు అన్నీ సరిపోయాయి. ‘విడిచి పోయిన సంస్థనే వెదకి’ అనడంలో తిరిగి వచ్చినవాడి మనసు తెలుస్తోంది. రెండో పాదం కూడా నిజం. అల్ట్రావైడ్ వెడల్పు చూపిస్తుంది, టెలిఫోటో దూరాన్ని దగ్గర చేస్తుంది. మూడో పాదం దగ్గరే మీరు చేతులెత్తేశారు. ‘నాణ్యమెంచ’ అంటే ఏమిటి? మనం తీసే ఫోటోల్లో ఎక్కువ భాగం ఆ నడిమి కెమెరాతోనే. అన్నిటికంటే పెద్ద సెన్సార్ (వెలుతురును బొమ్మగా పట్టే చిప్పు) సాధారణంగా దానిదే, వెలుతురు ఎక్కువగా పట్టేదీ అదే. ఈ సవరణ చూడండి:

నడిమి కన్నేమొ మసకను నలిపి వెలుగ

పూరణ 1 రాసినవారు:
ధన్యవాదాలు గురువుగారూ. మీ సవరణతోనే ఉంచుతాను.

పూరణ 2

లెన్సు లెన్నున్న నేమిలే వెలుగు లేక
పిక్సెలుల లెక్క పెంచిన పెరగదు కళ
తెలిసి పెద్ద సెన్సారుకై తిరిగి రాగ
మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నిర్వాహకుడు:
అమ్మా, ఇప్పటిదాకా వచ్చిన వాటిలో విషయం బలంగా ఉన్న పూరణ మీది. మొదటి పాదంలో మాత్రం యతి తప్పింది. ‘లె’కు ‘వె’ కుదరదు. పెద్ద మార్పేమీ అక్కర్లేదు, చివరి రెండు మాటలు అటూ ఇటూ చేస్తే చాలు:

లెన్సు లెన్నున్న నేమిలే లేక వెలుగు

‘ఎన్నున్న’ వ్యావహారికం. ఈ పద్యం నడకకు నప్పింది కాబట్టి నేను పట్టించుకోవడం లేదు.

‘పిక్సెలుల లెక్క’ గురించి కాస్త చెప్పాలి. నోకియా 808 ప్యూర్‌వ్యూ 2012లోనే 41 మెగాపిక్సెళ్ళతో వచ్చింది. (పిక్సెల్ అంటే బొమ్మలోని ఒక చుక్క, మెగాపిక్సెల్ అంటే అలాంటివి పది లక్షలు.) చాలామందికి ఆ 41 మాత్రమే గుర్తుంది. నిజానికి ఆ ఫోను మామూలుగా ఇచ్చే ఫోటో 5 మెగాపిక్సెళ్ళదే. పక్కపక్కన ఉన్న పిక్సెళ్ళ సమాచారాన్ని కలిపి, నాయిస్ (బొమ్మలో కనిపించే గరుకుదనం) తగ్గించి, ఒక్క శుభ్రమైన పిక్సెల్‌గా ఇచ్చేది. సెన్సార్ కూడా 1/1.2 అంగుళం తరగతిది, అప్పటి ఫోన్లలో చాలా పెద్దది. ఇవాళ 50 మెగాపిక్సెళ్ళ ఫోన్లు చాలావరకు నాలుగు పిక్సెళ్ళను ఒకటిగా కలిపి 12.5 ఇస్తున్నాయంటే చేస్తున్నది ఆ పనే. అంకె పెంచినంత మాత్రాన సెన్సార్ వైశాల్యం పెరగదు. అదే సెన్సార్‌ను ఇంకా చిన్న గళ్ళుగా కోసినట్టు అవుతుంది, అంతే. రెండో పాదంలో మీరు చెప్పింది ఇదే కాబట్టి ఆ పాదం నాకు చాలా నచ్చింది.

ఒక సభ్యుడు:
గురువుగారూ, చిన్న సందేహం. ‘ఒక అంగుళం సెన్సార్’ అంటారు కదా. అది నిజంగా అంగుళం ఉంటుందా?

నిర్వాహకుడు:
ఉండదు. దాని కొలత 13.2 × 8.8 మిల్లీమీటర్లు, మూల నుంచి మూలకు సుమారు 16 మిల్లీమీటర్లు. పాత వీడియో కెమెరా గొట్టాల రోజుల నుంచి వచ్చిన కొలత పద్ధతి అది. అయినా వైశాల్యం 116 చదరపు మిల్లీమీటర్లు. కొన్నేళ్ళ కింద మంచి ఫోన్లలో ఎక్కువగా కనిపించిన 1/2.55 అంగుళం సెన్సార్‌కు నాలుగు రెట్ల పైమాటే. అంత సెన్సార్‌కు తగ్గ లెన్సు పెట్టాలంటే మందం కావాలి. ఫోను వెనక కెమెరా అంత ఉబ్బెత్తుగా ఉండేది అందుకే. కొత్తగా కొన్నవారు మొదట ఆ ఉబ్బును చూసే పెదవి విరుస్తారు. ఆ ఉబ్బే లేకపోతే పూరణ 2లో ‘పెద్ద సెన్సారుకై’ అన్న మూడో పాదానికి అర్థమే ఉండేది కాదు.

పూరణ 3

చేతి వణుకును సైరించి చీకటందు
పెక్కు చిత్రము లొకటిగా పేర్చి కూర్చి
నాటి నేస్తమె నేడిట్లు నన్ను చేర
మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నిర్వాహకుడు:
చాలా బాగుంది. నైట్ మోడ్ చేసే పని రెండు పాదాల్లో పూర్తిగా వచ్చేసింది. బటన్ నొక్కగానే ఫోను ఒక్క ఫోటో తీసి ఊరుకోదు. వరసగా చాలా తీస్తుంది, కదలిన భాగాలను సరిచూసుకుంటుంది, అన్నిటినీ ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. నాయిస్ ఒక్కో ఫ్రేములో ఒక్కోచోట పడుతుంది కాబట్టి సగటు తీస్తే అది తగ్గిపోతుంది, ఎదుట ఉన్న వస్తువు మాత్రం నిలబడుతుంది. ‘పేర్చి కూర్చి’ అన్న రెండు క్రియల్లో ఈ వరస అంతా ఇమిడింది. ‘చేతి వణుకును సైరించి’ అనడమూ అందంగా ఉంది. లెన్సునో సెన్సార్‌నో చేతి కదలికకు ఎదురుగా జరిపే స్థిరీకరణకు ఇంతకంటే మంచి తెలుగు నాకు తట్టడం లేదు.

‘చీకటందు’ అన్న సంధి మాత్రం ఒప్పదు. ‘చీకటియందు’ అనాలి, అప్పుడు గణం చెడుతుంది. ‘చీకటింట’ అంటే అర్థమూ, ఛందస్సూ రెండూ నిలుస్తాయి:

చేతి వణుకును సైరించి చీకటింట

పూరణ 3 రాసినవారు:
సరిచేశాను, ధన్యవాదాలు. ఆ ఫోను తీసే రాత్రి ఫోటోల్లో నాకు నచ్చనిది ఒకటుంది. కొన్నిసార్లు రాత్రిని రాత్రిగా ఉండనివ్వదు, ఆకాశాన్ని పగలులా తెల్లబరుస్తుంది. అది పద్యంలో పెట్టలేకపోయాను.

నిర్వాహకుడు:
అది రాసుంటే పూరణ ఇంకో మెట్టు ఎక్కేది. ఎక్స్‌పోజరు (ఫోటోకు అందే వెలుతురు మోతాదు) కాస్త తగ్గించి తీసి చూడండి, నీడలు నీడల్లాగే ఉంటాయి.

పూరణ 4

రంగు మారక మూడింట రక్తి నింప
నాటి ఛాయలే కనిపించి నన్ను పిలువ
చర్మ వర్ణమ్ము సహజమై చక్కనొప్ప
మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నిర్వాహకుడు:
తిరిగి వచ్చినవాడి గొంతు అన్నిటికంటే స్పష్టంగా వినిపించిన పద్యం ఇది. ఒక బ్రాండును వదిలి వెళ్ళినవాడికి స్పెసిఫికేషన్లు గుర్తుండవు, దాని రంగులు గుర్తుంటాయి. ఆకుపచ్చ ఎలా వచ్చేది, సాయంత్రపు ఎండ మొహం మీద ఎలా పడేది అన్నవే మనసులో ఉండిపోతాయి. ‘నాటి ఛాయలే కనిపించి నన్ను పిలువ’ అన్న పాదాన్ని నేను మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

‘రంగు మారక మూడింట’ అనడం ఈ పూరణ మొత్తంలో అసలైన సమీక్ష. మూడు కెమెరాలకు మూడు వేర్వేరు సెన్సార్లు, వేర్వేరు లెన్సులు. ఒకే గోడను వైడ్‌లో తీస్తే నీలంగా, మెయిన్‌లో తీస్తే పసుపుగా వచ్చే ఫోన్లు నేను చూశాను. వీడియో మధ్యలో జూమ్ చేస్తూ ఒక లెన్సు నుంచి ఇంకోదానికి మారినప్పుడు ఆ తేడా కంట్లో గుచ్చుకుంటుంది. కొత్త ఫోను చేతికి రాగానే ఒకే చోట నిలబడి మూడింటితో తీసి పక్కపక్కన పెట్టి చూడండి. సమీక్ష అక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం.

చర్మ వర్ణం సంగతి కూడా సరైన చోట పడింది. అందరి మొహాలనూ తెల్లబరిచి నునుపు చేసే ఫోనును నేను మంచి కెమెరా అనలేను. సవరణలేమీ లేవు. అభినందనలు.

పూరణ 5

వీడియో తీయ వేడెక్కి వెతలు పెట్టు
నుదుటి నిప్పది నిజమని నుడువవచ్చు
నయిన పాతది గావున నలుక మాని
మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నిర్వాహకుడు:
లోపం చెబుతూ సమస్యను పరిష్కరించిన మొదటి పూరణ. మూడో కంటి మంటను ఫోను వేడికి ముడిపెట్టడం బాగా కుదిరింది. అలక మానింది మనిషి కాదు, జేబు. ఆ అన్వయం చక్కగా ఉంది.

వేడికి కారణం కూడా చూద్దాం. 4కే వీడియో అంటే ఫ్రేముకు 3840 × 2160 పిక్సెళ్ళు. సెకనుకు 60 ఫ్రేములు తీస్తే దాదాపు 50 కోట్ల పిక్సెళ్ళను చదవాలి, రంగు సరిచేయాలి, కుదించాలి, దాచాలి. ఇదంతా ఫ్యాను లేని పలచటి డబ్బాలో జరగాలి. ఎండలో అయితే స్క్రీను వెలుగు కూడా పెరిగి వేడికి తోడవుతుంది. 60 బదులు 30 ఫ్రేములు పెట్టుకుంటే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది.

ఒక సభ్యురాలు:
‘పాతది గావున’ అన్న కారణం నాకు నచ్చలేదండీ. పాత పరిచయం ఉందని వేడిని ఎందుకు క్షమించాలి? తిరిగి వచ్చినవాళ్ళు కొత్తవాళ్ళకంటే గట్టిగా నిలదీయాలి కదా.

నిర్వాహకుడు:
అమ్మా, మీ మాటతో నేను ఏకీభవిస్తాను. పద్యంగా ఆ పాదానికి వంక పెట్టలేను, సమీక్షగా మాత్రం మెతకబడింది.

పూరణ 6

పట్టకమ్మది మరలించి పంప వెలుగు
నడ్డముగ పండె కటకము లన్ని లోన
దూర చంద్రుని దరిజేర్చు తొంటి చెలిమి
మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నిర్వాహకుడు:
పెరిస్కోప్ లెన్సును పద్యంలో పెట్టడం సులువు కాదు. మీరు పెట్టారు. దూరాన్ని దగ్గర చేసే లెన్సులకు పొడవు కావాలి, ఫోనుకు అంత మందం లేదు. అందుకే పట్టకంతో వెలుతురును తొంభై డిగ్రీలు తిప్పి, కటకాలను ఫోను లోపల అడ్డంగా పరుస్తారు. 2019లో హువావే పీ30 ప్రో 5 రెట్ల జూమ్ ఇచ్చింది ఈ ఏర్పాటుతోనే. ‘అడ్డముగ పండె’ అన్న క్రియ చూడగానే బొమ్మ కట్టింది. చంద్రుణ్ణి తేవడంతో పద్యానికి ఇంకో అందం వచ్చింది, ముక్కంటి చంద్రశేఖరుడు కూడా కదా. ‘దూ–తొ’ యతి కూడా చక్కనిది.

చంద్రుడి ఫోటోల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండాలి. చంద్రబింబాన్ని గుర్తుపట్టి, లెన్సుకు అందని వివరాలను సాఫ్ట్‌వేర్ నింపడంపై 2023లో పెద్ద చర్చే జరిగింది. జూమ్‌ను పరీక్షించాలంటే చంద్రుడి కంటే దూరంగా ఉన్న సైన్‌బోర్డు అక్షరాలు మేలు. అక్షరం చదవగలిగేలా వచ్చిందా, ముద్దగా వచ్చిందా అన్నది అక్కడ దాగదు.

నిర్వాహకుడి పూరణ

ఆలసించుట చేతనే యలిగి నాడు
వీడితిని; నేడు నొక్కగా వెలసె బొమ్మ;
పరుగు తీసెడి పాపడి పాద మాగె;
మూడు కన్నుల వేల్పును మోసె జేబు

నేను ఆ బ్రాండును వదిలింది ఆలస్యం వల్లే. నొక్కినప్పుడు ఉన్న నవ్వు ఫోటో పడేసరికి ఉండేది కాదు. ఇప్పటి ఫోన్లు కెమెరా తెరిచిన క్షణం నుంచే ఫ్రేములను మెమరీలో తిప్పుతూ ఉంటాయి. మనం నొక్కగానే ఆ క్షణానికి దగ్గరున్న ఫ్రేమును అందుకుంటాయి. నన్ను వెనక్కి తెచ్చింది ఇదే.

పూరణ 2 రాసినవారు:
గురువుగారూ, పద్యం బాగుంది. ఒక్క ప్రశ్న. ఆ పాపడు పరుగెత్తింది ఎండలోనా, ఇంట్లో దీపాల కిందనా? ఇంట్లో అయితే షట్టరు వేగం ఏ 1/30 సెకనుకో పడిపోతుంది. చాలా ఫోన్లలో అపర్చరు (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) మారదు, ఐఎస్ఓ (వెలుతురుకు స్పందించే స్థాయి) పెంచితే గరుకుదనం వస్తుంది. పాదం ఆగదు, చెదిరిపోతుంది. మీ మూడో పాదాన్ని ఇలా మార్చవచ్చా?

పగలు పరుగిడు పాపడి పాద మాగె

నిర్వాహకుడు:
మార్చవచ్చు, మారుస్తున్నాను. గణాలు కుదిరాయి, ‘ప–పా’ యతి నిలిచింది, మాట కూడా నిక్కచ్చిగా మారింది. ఇంటి దీపాల కింద ఆ ఫోను పిల్లల పరుగును ఎలా పడుతుందో ఇంకా ఎవరూ రాయలేదు. ఆ ఒక్క అంశం మీద పూరణలు వస్తే, గడువు దాటినా సరే, తప్పకుండా చదువుతాను.