ఉబుంటులో ఫైర్‌ఫాక్స్: స్నాప్‌నే ఉంచాలా, మొజిల్లా డెబ్‌కి మారాలా?

మూలకోడ్:
లినక్స్ రకమైన ఉబుంటులో 22.04 నుంచి "ఆప్ట్ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్" (ఆప్ట్ అంటే ప్యాకేజీలు దించే కమాండ్) అని కొట్టినా దిగేది స్నాపే, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచి నడిపే ప్యాకేజీ. ఆ పేరుతో ఉన్న డెబ్ (ఆప్ట్ దించే మామూలు ప్యాకేజీ) లోపల బ్రౌజర్ ఉండదు, స్నాప్‌ని తెప్పించడమే దాని పని. 2024 జనవరిలో, ఫైర్‌ఫాక్స్ 122తో పాటే ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా తన ఆప్ట్ రిపాజిటరీలో (ప్యాకేజీలు దొరికే సర్వర్‌లో) డెబ్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఇక స్నాప్‌ని పట్టుకుని వేలాడక్కర్లేదని నా వాదన. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఫోల్డర్లను స్నాప్ బ్రౌజర్ తెరవలేదు. దానికి కనిపించే టెంప్ (తాత్కాలిక ఫైళ్ల) ఫోల్డర్ కూడా వేరు. ఏదైనా ప్రోగ్రామ్ టెంప్‌లో రాసిన హెచ్‌టీఎంఎల్ రిపోర్టును తెరవబోతే ఫైల్ లేదంటుంది, ఫైల్ ఏమో అక్కడే ఉంటుంది.

నల్లతెర:
ఇబ్బందులు నిజమే. కానీ ఇక్కడ అసలు సంగతి బ్రౌజర్ తాజాగా ఉండటం. స్నాప్ రోజుకు నాలుగుసార్లు తనంతట తనే అప్‌డేట్ చూసుకుంటుంది. డెబ్‌కి మారితే? అప్‌డేట్లను తనంతట తనే వేసే ఉబుంటు అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ బయటి రిపాజిటరీల జోలికి మామూలుగా వెళ్లదు. ఆప్ట్ ఎవరూ నడపని మెషీన్‌లో ఆ డెబ్ పెట్టిన రోజు వెర్షన్ దగ్గరే ఆగిపోతుంది. సెక్యూరిటీ పరంగా టెంప్ ఫోల్డర్ ఇబ్బంది కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదం.

పాతచిప్:
అదీ వద్దు, ఇదీ వద్దు. మొజిల్లా టార్‌బాల్ (విప్పి నేరుగా నడుపుకునే కంప్రెస్డ్ ఫైల్) హోమ్‌లో విప్పుకుంటే తనే అప్‌డేట్ అవుతుంది కదా?

మూలకోడ్:
@పాతచిప్ గారూ, 24.04లో అది దెబ్బతింటుంది. మామూలు యూజర్ ప్రోగ్రామ్‌లు యూజర్ నేమ్‌స్పేస్‌లు (ప్రోగ్రామ్‌ని మిగతా సిస్టమ్ నుంచి విడదీసే లినక్స్ సదుపాయం) వాడకుండా అక్కడ యాప్‌ఆర్మర్ అనే భద్రతా వ్యవస్థ అడ్డుకుంటుంది. హోమ్‌లోని ఫైర్‌ఫాక్స్‌కి యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ మీరే రాయకపోతే బ్రౌజర్‌ని కట్టడిచేసే శాండ్‌బాక్స్‌లో ఒక పొర పోతుంది, పైన హెచ్చరిక పట్టీ వస్తుంది. పోనీ హోమ్‌లో కాకుండా /opt ఫోల్డర్‌లో (ఇది ఆప్ట్ కమాండ్ కాదు) రూట్, అంటే అడ్మిన్ పేరుతో పెడదామంటే, అక్కడ రాసే హక్కు లేక అప్‌డేటర్ పనిచేయదు.

@నల్లతెర గారూ, మీ అభ్యంతరానికి ఒక లైను చాలు. 50అనటెండెడ్-అప్‌గ్రేడ్స్ ఫైల్‌లో ఆరిజిన్స్-ప్యాటర్న్ బ్లాక్ పెట్టి, అందులో "సైట్=ప్యాకేజెస్.మొజిల్లా.ఆర్గ్" అని చేర్చండి. తర్వాత డ్రై-రన్ (ఏమీ మార్చకుండా పరీక్షించడం), డీబగ్ ఆప్షన్లతో నడిపి చూడండి.

ఎక్కువమంది దెబ్బతినేది పిన్ దగ్గర, అంటే ఏ రిపాజిటరీకి ముందు చోటివ్వాలో ఆప్ట్‌కి చెప్పే అమరిక దగ్గర. సైనింగ్ కీ (ప్యాకేజీలు మొజిల్లావేనని సరిచూసే కీ) /ఈటీసీ/ఆప్ట్/కీరింగ్స్‌లో పెడతారు, ఫింగర్‌ప్రింట్ సరిచూస్తారు, సోర్స్ లైనులో సైన్డ్-బై రాస్తారు, అంతా అయిందనుకుంటారు. మళ్లీ స్నాపే దిగుతుంది! ఉబుంటు డొల్ల ప్యాకేజీ వెర్షన్ "1:1స్నాప్1" అని మొదలవుతుంది. కోలన్‌కి ముందున్న ఆ 1 ఎపాక్, అంటే మిగతా వెర్షన్ అంకెల కంటే ముందు పోల్చే సంఖ్య. మొజిల్లా డెబ్‌కి ఎపాక్ లేదు కాబట్టి దాని వెర్షన్ 122 అయినా, 200 అయినా ఆప్ట్ లెక్కలో డొల్లదే పెద్దది. అందుకే ప్రిఫరెన్సెస్.డి ఫోల్డర్‌లో ఒక ఫైల్ పెట్టి మూడు లైన్లు రాయాలి: ప్యాకేజ్ *, పిన్ ఆరిజిన్ ప్యాకేజెస్.మొజిల్లా.ఆర్గ్, పిన్-ప్రయారిటీ 1000. 1000 కంటే తగ్గితే వెర్షన్ వెనక్కి వెళ్లడానికి ఆప్ట్ ఒప్పుకోదు. ఆప్ట్-క్యాష్ పాలసీలో క్యాండిడేట్ (దిగబోయే వెర్షన్) ఏదో చూశాకే ఇన్‌స్టాల్ కొట్టండి.

నల్లతెర:
పిన్ సంగతి ఒప్పుకుంటాను, ఆ లైను కూడా సరిపోతుంది. అయితే స్నాప్ తీసేసే ముందు బ్రౌజర్ ప్రొఫైల్ (బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు, సెట్టింగులు) సంగతి చూడాలి. అది హోమ్‌లో స్నాప్/ఫైర్‌ఫాక్స్/కామన్ కింద ఉన్న .మొజిల్లాలో ఉంటుంది, డెబ్ అక్కడ వెతకదు. బ్రౌజర్ మూసి, దాన్ని హోమ్‌లోని .మొజిల్లాకి కాపీ చేసి, ప్రొఫైల్ మేనేజర్‌లో ఎంచుకోవాలి. డెబ్ వెర్షన్ స్నాప్ కంటే పాతదైతే ఆ ప్రొఫైల్‌ని తెరవనంటుంది.

ఇవన్నీ చేయగలిగినవాళ్లు మారొచ్చు. నలుగురు వాడే కంప్యూటర్‌లో మాత్రం నేను స్నాప్‌నే ఉంచుతాను. అక్కడ చూసుకోవాల్సింది ఒకటే: బ్రౌజర్ తెరిచి ఉన్నంతసేపూ స్నాప్ అప్‌డేట్‌ని ఆపి ఉంచుతుంది, గరిష్ఠంగా 14 రోజులు. "పెండింగ్ అప్‌డేట్" నోటీసు కనిపిస్తే కిటికీలన్నీ మూసి "సుడో స్నాప్ రిఫ్రెష్ ఫైర్‌ఫాక్స్" కొట్టండి.