డ్రమ్ము బోర్లించి టర్కీ కోడిని కాల్చడం సరైన పద్ధతేనా?

ఘట్‌కేసర్ పెరడు

పోయిన క్రిస్మస్ రాత్రి మా ఇంట్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

టెక్సాస్‌లో ఉంటున్న మా తమ్ముడు నవంబరు నాలుగో గురువారం, అంటే అక్కడి థాంక్స్‌గివింగ్ పండుగ నాడు, ఒక వీడియో పంపాడు. నేలలో ఇనుప కడ్డీ పాతారు. చుట్టూ ఫాయిల్ పరిచి, టర్కీ కోడిని కాళ్ళు కిందికి వచ్చేలా కడ్డీకి గుచ్చారు. దాని మీద కొత్త రేకు చెత్తడబ్బా బోర్లించి, చుట్టూ, పైన బొగ్గులు పోశారు. రెండు గంటలయ్యాక డబ్బా ఎత్తితే పక్షి మొత్తం తేనె రంగులో ఉంది.

మేమూ ఘట్‌కేసర్‌లోని స్థలంలో అలాగే చేశాము. పక్షి శుభ్రం చేశాక అయిదున్నర కిలోలు. బజారులో కొన్న కొత్త జీఐ రేకు డ్రమ్ము. తమ్ముడు చెప్పిన లెక్క తొమ్మిది కిలోల అచ్చు బొగ్గు, అంటే బొగ్గు పొడిని అచ్చులో నొక్కి చేసిన దిమ్మలు. ఇక్కడ నాకు తుమ్మ బొగ్గు దొరికింది. మొదటి నలభై నిమిషాలు దగ్గరికి వెళ్ళలేనంత సెగ. ఆ తర్వాత చూస్తుండగానే బూడిద. రెండు గంటలకు డ్రమ్ము ఎత్తాము. నిప్పులు ఆనిన చోటల్లా రేకు మెరుపు పోయి తెల్లటి పొడి పట్టింది. పక్షి మాత్రం అద్భుతంగా ఉంది, ఎద మాంసం నుంచి రసం కారుతోంది. తొడ కీలు దగ్గర కోసేసరికి లోపల ఎర్రగా ఉంది. మళ్ళీ బొగ్గు రాజేశాము. నిప్పు చుట్టూ కూర్చున్న పిల్లలు తినేసరికి రాత్రి పది దాటింది.

ముక్కలు కోసి వండుకునే వాళ్ళకు ఈ తంటా ఎందుకని మా బాబాయి అన్నారు. మొత్తం పక్షిని వండాలంటే ఇంతకన్నా మంచి దారి లేదని నేను అన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను. మీరేమంటారు?

పాతనగరం దమ్

మీ బాబాయి గారి మాటే నా మాట. మూత మీద నిప్పులు పోయడం మనకు కొత్త కాదు. కచ్చి గోష్ట్ బిర్యానీకి డేగ్ అంచు పిండితో మూసి, కింద, పైన నిప్పులు పెట్టి దమ్ ఇస్తాము. అయితే అందులో పెరుగు ఉంది, బొప్పాయి ఉంది, బియ్యం వదిలే ఆవిరి ఉంది. గంటల తరబడి నానిన ముక్క ఆ ఆవిరిలో మెత్తబడుతుంది. మీ డ్రమ్ము కింద ఉన్నది పొడి సెగ. అయిదున్నర కిలోల పక్షిలో ఎముక దాకా మసాలా ఎలా వెళుతుంది? పైన చర్మం రుచి, లోపల చప్పిడి మాంసం. టర్కీ మన పక్షీ కాదు, దానికి మన నాలుకకు తగిన వంటా లేదు. తప్పనిసరిగా వండాలంటే కీళ్ళ దగ్గర కోసి దమ్ పెట్టండి.

బాలానగర్ వెల్డింగు

మసాలా సంగతి తర్వాత చూద్దాము. పెరడు గారూ, ఆ తెల్లటి పొడి అన్నారు చూడండి, దాని గురించి ఎవరూ అడగలేదు.

జీఐ రేకు అంటే ఇనుము మీద జింకు పూత. జింకు 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. ఎర్రగా రాజుకున్న బొగ్గు వేడి అంతకు చాలా పైన. కరిగిన జింకు గాలి తగిలి మండి తెల్లటి పొడి అవుతుంది. మీరు చూసిన పొడి అదే, జింకు ఆక్సైడ్. కొంత రేకు మీద నిలుస్తుంది, కొంత పొగై లేస్తుంది. షెడ్డులో జీఐ పైపు అతికేటప్పుడు దూది పింజల్లా తేలుతూ ఉంటుంది.

ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఏడాది ఒకరోజు, తలుపులు మూసిన గదిలో జీఐ పైపులు అతికాను. పని చేస్తున్నంత సేపూ ఏమీ తెలియలేదు. నోట్లో ఏదో లోహం చప్పరించినట్టు ఉంది, అంతే. రాత్రి తొమ్మిదింటికి వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు, జ్వరం, ఒళ్ళంతా నొప్పులు. మర్నాడు సాయంత్రానికి దానంతట అదే తగ్గింది. జింకు పొగ పీల్చిన జ్వరం ఇలాగే కొన్ని గంటలు ఆగి వస్తుంది. పాలు తాగితే రాదని పాతవాళ్ళు చెబుతారు. నేను పాలు తాగే ఆ పని చేశాను, అయినా వచ్చింది.

మీరు పిల్లల్ని ఆ నిప్పు చుట్టూ కూర్చోబెట్టారు. నాకు బాధ కలిగింది అక్కడే.

ఘట్‌కేసర్ పెరడు

మీరు చెప్పింది శ్రద్ధగా చదివాను. కానీ రెండు మాటలు. మాంసం డ్రమ్ముకు ఎక్కడా తగలలేదు. నిప్పులన్నీ బయట ఉన్నాయి. జింకు మరగాలంటే 907 డిగ్రీలు కావాలి కదా, ఆరుబయట కుప్ప పోసిన బొగ్గుకు అంత వేడి ఎక్కడిది? అమెరికాలో ఎంతోమంది ఇలాగే వండుకుంటున్నారు.

బాలానగర్ వెల్డింగు

నీళ్ళు మరిగేది 100 డిగ్రీల దగ్గర. అయినా తడి బట్ట ఎండలోనే ఆరుతుంది. జింకూ అంతే, మరిగే దాకా ఆగదు. తుమ్మ బొగ్గుకు కాస్త గాలి తగిలితే ఎంత వేడెక్కుతుందో కొలిమి దగ్గర నిలబడి చూడండి. పూత బయటే కాదు, లోపలి వైపు కూడా ఉంటుంది. మాంసంలోకి వెళ్ళింది కొద్దిగానే ఉండవచ్చు, అది నేను కాదనను. పొగ పీల్చింది మాత్రం పక్కన నిలబడి బొగ్గులు ఎగదోసిన వాళ్ళు.

పూత లేని నల్ల ఇనుప డ్రమ్ము ఉండగా ఇది ఎందుకు? కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. జీడిమెట్ల వైపు రంగులు, రసాయనాలు నింపి ఖాళీ అయిన డ్రమ్ములు చవకగా అమ్ముతారు. వాటిని ఎంత కడిగినా వంటకు వాడవద్దు.

అయిదో అంతస్తు

మాకు పెరడు లేదు. మూడు వైపులా అద్దాలు బిగించిన బాల్కనీ ఉంది. ఇటుకల మీద ఇసుక పోసి చిన్న పక్షితో ప్రయత్నించవచ్చా?

బాలానగర్ వెల్డింగు

వద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. మూసిన చోట కుంపటి పెట్టుకుని నిద్రలోనే పోయిన వాళ్ళ వార్త చలికాలంలో చదువుతూనే ఉంటాము. ఒక తలుపు తీసి ఉంచినా చాలదు.

టర్కీల పెంపకం

దమ్ గారు మన పక్షి కాదన్నారు. పుట్టుక అమెరికా ఖండానిదే. అయితే 1612లోనే ముకర్రబ్ ఖాన్ గోవా నుంచి ఒక టర్కీని తెచ్చి జహంగీరు ముందుంచాడు, ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ దాని బొమ్మ గీశాడు. మిరపకాయ కూడా ఆ ఖండం నుంచే, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లోనే వచ్చింది. దాన్ని మనది కాదంటామా?

ఇక తొడ సంగతి. మా దగ్గర పక్షులు రోజంతా తిరిగి మేస్తాయి. అమెరికా బజారులో దొరికే ఎద బలిసిన పక్షులతో వీటిని పోల్చకూడదు. కాళ్ళు గట్టివి, కీలు దగ్గర సెగ ఆలస్యంగా అందుతుంది. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేము. ఒక్కోసారి బాగా ఉడికిన తొడ కూడా ఎముక దగ్గర గులాబీ రంగులో ఉంటుంది. వంట థర్మామీటర్ తొడలో, ఎముకకు తగలకుండా గుచ్చాలి. 74 డిగ్రీలు దాటాలి. పిల్లలకు పెట్టే కోడి మాంసానికి ఇందులో బేరం లేదు.

పెరడు గారి ఇబ్బంది బొగ్గులో ఉంది. అచ్చు బొగ్గు నెమ్మదిగా, ఒకే తీరుగా కాలుతుంది. మన తుమ్మ బొగ్గు భగ్గున లేచి త్వరగా ఆరిపోతుంది. తొమ్మిది కిలోలూ ఒకేసారి పోయకూడదు. సగం పోసి, మిగతాది పక్కన కుంపట్లో రాజేసుకుంటూ అరగంటకోసారి కలపాలి.

మసాలా లోపలికి వెళ్ళదన్నది నిజమే. ముక్కలు కోసినా చాలా లోతుకు వెళ్ళదు. లోపలికి వెళ్ళేది ఉప్పు. లీటరు నీటికి 60 గ్రాముల ఉప్పు కలిపి, పక్షిని పన్నెండు గంటలు ఫ్రిజ్‌లో నానబెట్టండి. చప్పిడి అన్న మాట రాదు.

మౌలాలి వంటిల్లు

నానబెట్టడం అన్నారు కాబట్టి చెబుతున్నాను. ఆ ఉప్పు నీళ్ళను గానీ, పెరుగు, నిమ్మరసం పట్టించిన మాంసాన్ని గానీ జీఐ బకెట్టులో పెట్టకండి. పులుపు జింకును కరిగించి లాగుతుంది. తిన్నవాళ్ళకు వాంతులు అవుతాయి. స్టీలు గిన్నె వాడండి.

డ్రమ్ము కోసం ఇంత వెతకడం దేనికి? స్టీలు బియ్యం డ్రమ్ము ఉంది కదా! బేగంబజార్‌లో యాభై కిలోల బియ్యం పట్టేవి దొరుకుతాయి. పూత లేదు, ఊడేది లేదు. సెగకు నీలం, గోధుమ రంగు చారలు పడతాయి, అంతే. వంట కోసం వేరేగా ఒకటి కొనుక్కోండి. మా అత్తయ్యగారు బతికుంటే బియ్యం డ్రమ్మును మాంసానికి తీయనిచ్చేవారు కాదు. ఆ మాటలో నాకూ న్యాయం కనిపిస్తుంది.

పాతనగరం దమ్

ఉప్పునీటి మాట ఒప్పుకుంటున్నాను. పొడి సెగ అన్నది మాత్రం వెనక్కి తీసుకోను. తొడ ఉడికే దాకా ఉంచితే ఎద ఎండిపోతుంది. మొత్తం పక్షిని ఒకేసారి కాల్చడంలో ఉన్న చిక్కు అదే. డ్రమ్ము మార్చినంత మాత్రాన అది తీరదు.

ఘట్‌కేసర్ పెరడు

సంక్రాంతి తర్వాతి ఆదివారం మళ్ళీ చేశాము. స్టీలు డ్రమ్ము, ఉప్పునీళ్ళు, విడతలుగా బొగ్గు, థర్మామీటర్. జీఐ డ్రమ్మును పాత ఇనుము వాళ్ళకు ఇచ్చేశాను. వెల్డింగు గారూ, ఆ రాత్రి మా చిన్నవాడికి వణుకు రాలేదు. వచ్చి ఉంటే మాత్రం కారణం మాకు తట్టి ఉండేది కాదు, ఏదో చలి అనుకునేవాళ్ళము. ఆ మాట తలచుకుంటేనే గుండె ఝల్లుమంటోంది.

రెండు గంటల పది నిమిషాలకు తొడలో 79 వచ్చింది. కీలు చేత్తో తిప్పితే ఊడి వచ్చింది. చప్పిడి అని ఒక్కరూ అనలేదు. బాబాయి రెండోసారి అడిగి వేయించుకున్నారు.

దమ్ గారికి నిజం చెప్పాలి. ఎదలో 86 ఉంది. పై రెండు వేళ్ళ మందం పీచు పీచుగా ఎండింది. తొడలు నేల వైపు ఉంటే నేను నిప్పులు సగానికి సగం నెత్తిన పోశాను. ఈసారి పైన రెండు చేటల నిప్పులకు మించి వేయను, మిగతావన్నీ విడతలుగా చుట్టూ పోస్తాను. కోసి వండటానికి మాత్రం ఇంకా మనసు ఒప్పుకోవడం లేదు.

పాతనగరం దమ్

పైన నిప్పులు తగ్గించి చేసినప్పుడు ఎదలో ఎంత వచ్చిందో రాయండి. 75 దగ్గర ఆగితే ఘట్‌కేసర్ వచ్చి తింటాను.