బిహారీ అంటే ఎవరు?

చిరాకు పుట్టించే మాటలేమిటని ఈ చర్చావేదికలో అడిగిన ప్రశ్నకు ఇంతవరకు వచ్చిన జవాబులన్నీ దాదాపు ఆఫీసు భాష చుట్టూనే తిరిగాయి. ‘తనిఖీ చేయడం జరిగింది’ అని రాసేవారిమీద నాకూ కోపమే. చేసిందెవరో చెప్పవలసిన పని తప్పుతుంది కాబట్టే ఆ వాక్యానికి అంత గిరాకీ అని నా అనుమానం. అయితే అంతకంటే ఎక్కువగా నన్ను గుచ్చే మాట మా మిర్యాలగూడ వైపు రోజూ వినిపిస్తుంది: వేరే రాష్ట్రాలనుంచి పనికి వచ్చినవారినందరినీ కలిపి అనే ‘బిహారోళ్లు’.

నిరుడు వానాకాలం వడ్లు దిగే రోజుల్లో ఒక రైస్ మిల్లులో హమాలీ లెక్కల పుస్తకం చూడవలసి వచ్చింది. అందులో మన హమాలీల పేర్లు ఇంటిపేర్లతో సహా ఉన్నాయి. వాటి కింద గీత గీసి, బిహారీ 1 మొదలుకొని బిహారీ 11 వరకు అంకెలు వేసి, ఒక్కొక్కదానికి ఎదురుగా ఎత్తిన బస్తాల లెక్క రాశారు. చాయ్ తాగుతూ మాట కలిపితే వారిలో నలుగురిది బెంగాల్‌లోని మాల్దా అనీ, ఇంట్లో మాట్లాడేది బంగ్లా అనీ తెలిసింది. గుమాస్తాను అడిగితే ‘హిందీల మాట్లాడెటోళ్లంత బిహారోళ్లే గద సార్’ అన్నాడు. ఆ సాయంత్రం బిహారీ 7 అన్న వరుసమీద వేలు పెట్టి, తన బస్తాలన్నీ ఎక్కాయో లేదో చూసుకున్న మనిషి మాల్దావాడే.

‘ఓళ్లు’ అనడంలో తప్పు లేదు. పాలమూరోళ్లు, నల్లగొండోళ్లు అని మనల్ని మనమే అనుకుంటాం. ఒక ప్రాంతం పేరు తెచ్చి దానితో సంబంధం లేనివారికి అంటగట్టడమే నా అభ్యంతరం. ఇది పాత అలవాటే. ఫ్రాంకులనే ఒక జాతి పేరు అరబ్బుల, పారశీకుల నోట యూరపువారందరికీ వర్తించి, ‘ఫిరంగి’గా మన దాకా వచ్చి, చివరకు వారి పెద్ద తుపాకికి అంటుకుపోయింది. ఇప్పుడా మాట వింటే మనిషి గుర్తుకే రాడు.

మన పేరుకూ ఇదే గతి పట్టిన సంగతి తెలిస్తే కొందరైనా నవ్వుకుంటారు. 18వ శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ తెలుగు నేలనుంచి తీసుకుపోయిన సిపాయిలను ఉత్తరాదిన ‘తిలంగా’లన్నారు, పోనుపోను ఆ మాట కంపెనీ సిపాయి ఎవరైనా సరే అతనికి చెల్లిపోయింది. 1857లో తిరుగుబాటు చేసి ఢిల్లీ చేరిన సిపాయిలను అక్కడివారు తిలంగాలనే పిలిచారు, ఆ సిపాయిల్లో పెక్కుమంది అవధ్, బిహార్ ప్రాంతాలవారై, తెలుగు ముక్క రానివారైనా సరే. అంటే బిహారీలను ఒకప్పుడు మన పేరుతో పిలిచారు, ఇప్పుడు వారి పేరుతో మనం బెంగాలీలను పిలుస్తున్నాం. బొంబాయికి పనికి పోయిన మన కూలీలు అక్కడ ‘కామాఠీ’లయ్యారు, కామాఠీపుర అన్న పేటకు ఆ పేరు వారివల్లనే వచ్చింది. ఇక తట్ట మోసే మనిషిది దేవరకొండ అయినా కాంట్రాక్టర్ల లెక్కలో ‘పాలమూరు లేబర్’ కిందికే వస్తాడు.

ఈ చర్చలోనే ఒకరు, ‘బిహారోళ్లు’ బదులు ‘ఉత్తరాది కూలీలు’ అంటే సరిపోతుందన్నారు. ఒడిశానుంచి ఇటుక బట్టీలకు వచ్చేవారిని ఉత్తరాదిలో ఎట్లా కలపాలి? పని పేరు పెట్టి హమాలీ, నాట్లు వేసే కూలీ అంటే చాలునని నేననుకుంటాను, కామాఠీ కూడా పని పేరుగానే మొదలై చివరకు మనుషులకే అంటుకుపోయిందన్న జంకు ఉన్నా సరే. మా వైపు ఎదురుపడితే ‘భయ్యా’ అంటారు, మనిషి పక్కకు పోగానే ‘బిహారోడు’ అంటారు. మహబూబ్‌నగర్ పత్తి చేలలో ఏమంటున్నారో అక్కడి సభ్యులు చెప్పగలరా?